పాకం ఎవరి కోసమూ ఆగదు

అరిసె ఒంటిచేత్తో అయ్యే వంట కాదు. చీపురుపల్లి చుట్టుపక్కల ఏ పల్లెలో అడిగినా ఈ మాటే చెబుతారు. భోగికి నాలుగైదు రోజుల ముందు నుంచే వీధుల్లో ఒక వరస మొదలవుతుంది. ఇవాళ వీళ్ళింట్లో మూకుడు, రేపు పక్కింట్లో, ఎల్లుండి ఎదురింట్లో. ఎవరింట్లో వండితే ఆ ఇంటికి తక్కిన ముగ్గురు నలుగురు ఆడవాళ్ళూ పనులు తెముల్చుకుని వచ్చేస్తారు. ఇది ఇరుగుపొరుగు మంచితనం అంటాం. నిజమే. అయితే వాళ్ళంతా ఒక పొయ్యి చుట్టూ చేరడానికి బెల్లంలో, బియ్యంలో, కాగే నూనెలో ఇంకో కారణం ఉంది. అరిసె తయారయ్యే దారిలో మూడు చోట్ల టైము బొత్తిగా ఉండదు. పాకం పొయ్యి మీద ముదిరే వేళ, పాకంలో పిండి కలిపే వేళ, నూనెలోంచి అరిసె పైకి తీసిన వేళ. ఈ మూడు చోట్లా ఒక జత చేతులు చాలవు. ఎందుకు చాలవో చూద్దాం.

చీపురుపల్లి ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది. 1979 జూన్ 1న ఆ జిల్లా ఏర్పడేదాకా శ్రీకాకుళం జిల్లాలో తాలూకా కేంద్రం. అందుకే ఇక్కడి పండగ వంటల్లో రెండు జిల్లాల రుచీ కలిసే ఉంటుంది. అరిసెలు, పోకుండలు, పొంగడాలు, జంతికలు, కజ్జికాయలు, సున్నుండలు. ఇక్కడ సంక్రాంతిని పెద్ద పండగ అంటారు. పొట్టకూటికి హైదరాబాదు, విజయవాడ, చెన్నై వెళ్ళినవాళ్ళు ఏడాదిలో ఒక్కసారి వస్తే ఈ పండక్కే వస్తారు. హౌరా–చెన్నై లైను మీదున్న ఈ ఊరి స్టేషన్లో ఆ వారం దిగే సంచులు, పండగయ్యాక ఎక్కే డబ్బాలు చూస్తే చాలు, పిండివంట ఎంత దూరం ప్రయాణం చేస్తుందో తెలుస్తుంది.

ముందు బియ్యం సంగతి. అరిసెకు పొడిపిండి పనికిరాదు, తడిపిండే కావాలి. ఎండు బియ్యంలో 12 నుంచి 14 శాతం దాకా నీరుంటుంది. నానితే అది 28, 30 శాతానికి చేరుతుంది. ఆ నీరు పీల్చుకోవడం చాలావరకు మొదటి గంట రెండు గంటల్లోనే అయిపోతుంది. అయినా ఇక్కడి ఇల్లాళ్ళు ఒక పగలు, ఒక రాత్రి నానబెడతారు, మధ్యలో నీళ్ళు మారుస్తారు. అది వృథా కాదు. గింజలో స్టార్చి రేణువుల్ని పట్టి ఉంచేది ప్రొటీను. ఎక్కువసేపు నానేకొద్దీ ఆ పట్టు సడలుతుంది, గింజ మెత్తబడుతుంది. అప్పుడు దంచినా, మరలో ఆడించినా రేణువులు చెక్కుచెదరకుండా విడివడతాయి. ఎండు బియ్యాన్నే మరలో వేస్తే రాపిడికి, వేడికి చాలా రేణువులు పగిలిపోతాయి. పగిలిన రేణువు మామూలు దానికన్నా ఎన్నో రెట్లు నీరు తాగుతుంది. అలాంటి పిండి పాకాన్ని తాగేసి అరిసెను గట్టిచేస్తుంది. ఇక నీళ్ళు మార్చడం పులుపు వాసన రాకుండా. గింజతోపాటు వచ్చిన లాక్టిక్ బ్యాక్టీరియా ఆ నీళ్ళలో పెరుగుతూనే ఉంటుంది మరి.

కొత్త పంట ఇంటికొచ్చే కాలమే అయినా అరిసెల కోసం పాత బియ్యం, కోటా బియ్యం వెతికేవాళ్ళు ఉన్నారు. దానికీ కారణం ఉంది. కొత్త బియ్యం ఉడికితే ఎక్కువ అతుక్కుంటుంది. నిల్వ ఉన్నకొద్దీ ఆ జిగురు తగ్గుతుంది. అమైలోజు అనే స్టార్చి పాలు ఎక్కువున్న రకాలు మరీ ముద్దకట్టవు.

ఆడించిన పిండిని జల్లించి, గిన్నెలో చేత్తో అదిమి, పైన తడిగుడ్డ కప్పుతారు. పుష్యమాసపు గాలి పొడిగా ఉంటుంది. ఆ గుడ్డ లేకపోతే పాకం వచ్చేలోపు పిండి ఆరిపోతుంది. ఆరిన పిండి పాకంలోంచి నీరు లాక్కుంటుంది, అరిసె అంచులు పగుళ్ళిస్తాయి. బియ్యం వడకట్టిన దగ్గర్నుంచి ఇక ఎవరూ కూర్చోరు. మర దగ్గర బారు ఎంత పొడుగున్నా తడి బియ్యం గిన్నె మీద ఒకరి చెయ్యి ఉండాల్సిందే.

బెల్లం ఈ వైపు వాళ్ళకు దూరం సరుకు కాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. చెరకు మీద పరిశోధన కూడా అక్కడ 1913 నుంచి జరుగుతోంది. సంక్రాంతి నాటికి గానుగలు ఆడుతుంటాయి, కొత్త బెల్లం బజారుకొస్తుంది. బెల్లంలో సుక్రోజు, అంటే మామూలు పంచదార, 65 నుంచి 85 శాతం దాకా ఉంటుంది. గ్లూకోజు, ఫ్రక్టోజు కలిపి ఇంకో 5 నుంచి 15 శాతం. మిగతాది నీరు, ఖనిజాలు, కొద్దిపాటి ప్రొటీను. అరిసెకు ప్రాణం ఆ గ్లూకోజు, ఫ్రక్టోజుల్లో ఉంది. ఉత్త పంచదార పాకాన్ని చల్లార్చితే సుక్రోజు అణువులు వరసకట్టి పలుకులవుతాయి. వాటి మధ్య గ్లూకోజు, ఫ్రక్టోజు దూరితే ఆ వరస కుదరదు, పాకం పలుకుకట్టకుండా మెత్తగా నిలుస్తుంది. బెల్లం అరిసె కొన్నాళ్ళపాటు నోట్లో మెత్తగా విరిగేది ఇందుకే. ఆ పాలు మరీ ఎక్కువైనా కష్టమే. వానకు తడిసి కారిపోయిన బెల్లం, నిల్వలో చెమర్చిన బెల్లం అలాంటివి. వాటిలో సుక్రోజు చాలావరకు విరిగిపోయి ఉంటుంది. పాకం ఎంత కాచినా కుదురుకు రాదు, అరిసె చేతికి అంటుకుంటూనే ఉంటుంది. బెల్లం కొనేటప్పుడు గోటితో గిల్లి చూసే అలవాటు మంచి అలవాటు. పచ్చగా మెరిసే అచ్చు కంటే నల్లగా ఉన్న గట్టి అచ్చు నయం. ఆ మెరుపు చాలాసార్లు గానుగ దగ్గర కలిపిన హైడ్రోసు అనే రంగు తేల్చే రసాయనం వల్ల వస్తుంది.

ఇక పాకం. కిలో బియ్యానికి ముప్పావు కిలో అటూ ఇటూగా బెల్లం వేస్తారు. కాసిని నీళ్ళతో కరిగించి, వడకట్టి, మళ్ళీ పొయ్యెక్కిస్తారు. నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. అందులో తీపి కరిగి ఉంటే మరిగే వేడి పెరుగుతుంది. నీరు ఇగిరి పాకం చిక్కబడేకొద్దీ ఇంకా పెరుగుతుంది. తీగపాకం సుమారు 110 డిగ్రీల దగ్గర, మెత్తటి ఉండపాకం 112 నుంచి 116 మధ్య, గట్టి ఉండ 120 దాటాక వస్తాయి. అరిసెకు కావాల్సింది మధ్యదే. నాలుగు డిగ్రీల సందు అది.

ఆ సందు ఎంత త్వరగా దాటిపోతుందో ఒక లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. లెక్క తేలికగా ఉండడానికి కిలో పంచదార అనుకుందాం. పాకంలో పంచదార సగం, నీరు సగం ఉన్నప్పుడు నీరు ఒక కిలో. పంచదార 70 శాతానికి రావాలంటే ఆ కిలో నీరు 430 గ్రాములకు తగ్గాలి. అంటే 570 గ్రాములు ఇగరాలి. అదంతా తీరుబడిగా జరుగుతుంది. ఆ కాసేపు పొయ్యి దగ్గర కబుర్లు నడుస్తాయి, టీలు నడుస్తాయి, కొత్తల్లుడికి ఏం పెట్టాలో మాట్లాడుకుంటారు. 80 శాతం దగ్గర నీరు 250 గ్రాములు. 85 శాతం దగ్గర 176. 90 శాతం దగ్గర 111. చూడండి, 80 నుంచి 85కు చేరడానికి 74 గ్రాములు ఇగిరితే చాలు, మరో 65 గ్రాములు పోతే పాకం ముదిరినట్టే. గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,260 జౌళ్ళ వేడి కావాలి. గట్టి మంట మీద ఆ 74 గ్రాములు పోవడం ఒకటి రెండు నిమిషాల పని. అరగంట కదలని పాకం ఆఖరి రెండు నిమిషాల్లో చెయ్యి దాటిపోతుంది. పొయ్యి దగ్గరున్న మనిషి పక్కకు తల తిప్పడానికి వీల్లేదు. పిండి అందించే మనిషి అప్పటికే గిన్నెతో నిలబడి ఉండాలి.

వాళ్ళ దగ్గర థర్మామీటరు లేదు, కంచంలో చన్నీళ్ళు ఉన్నాయి. గరిటె అంచుతో రెండు చుక్కల పాకం ఆ నీళ్ళలో వేస్తారు. చుక్క నీళ్ళలో కరిగి పాకితే ఇంకా లేత. అడుగున దిగి నిలిచితే బొటనవేలు, చూపుడువేలు కలిపి దాన్ని పోగుచేస్తారు. ఉండగా చుట్టుకుని, వేళ్ళ మధ్య నొక్కితే అణిగి, వదిలినా ఉండలాగే ఉంటే సరి. కంచానికేసి కొడితే టంగుమంటే ముదిరినట్టు. అనుభవమున్న ఆవిడ అప్పుడిక మాట్లాడదు, చెయ్యి ఊపుతుంది. మాట వచ్చిందంటే "పాకం ఒచ్చీసింది, బేగి పిండొయ్యే" అనే కేకే. రెండోసారి అనే వ్యవధి ఉండదు. "ముదిరిపోనాది" అన్నారంటే ఆ పూట పొయ్యి చుట్టూ ఎవరూ నవ్వరు.

ఈ చుక్క పరీక్షను థర్మామీటరు లేని పేదరికంగా చూడకూడదు. థర్మామీటరు చెప్పేది పాకం వేడి. ఆ వేడిని బట్టి చిక్కదనం ఊహించాలి, అదీ ఉత్త పంచదారకే సరిపోతుంది. బెల్లంలో గ్లూకోజు, ఫ్రక్టోజు, లవణాలు ఒక్కో అచ్చుకు ఒక్కోలా ఉంటాయి. అవన్నీ మరిగే వేడిని మారుస్తాయి. రెండు రకాల బెల్లాల పాకాలు 115 డిగ్రీల దగ్గరే ఉన్నా ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా ఉండొచ్చు. చన్నీళ్ళలో వేసిన చుక్క క్షణంలో చల్లారి, రేపు అరిసెలో ఆ పాకం ఎలా ఉండబోతోందో ఇప్పుడే చూపిస్తుంది. మనకు కావాల్సిన గుణాన్నే నేరుగా కొలిచే పద్ధతి ఇది. ఏ అచ్చు వచ్చినా నప్పుతుంది.

పాకంలో పిండి కలపడం రెండో గండం. 115 డిగ్రీల పాకంలో తడిపిండి పడగానే పై పొరలోని స్టార్చి ఉబ్బి జిగురవుతుంది. ఒకేసారి కుమ్మరిస్తే ఆ జిగురు పొర లోపలి పిండికి తొడుగులా పట్టుకుంటుంది, ఉండలు కడుతుంది. అందుకే ఒకరు పిండి జల్లుతుంటే ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా కలుపుతారు, మూడో మనిషి గిన్నె కదలకుండా పట్టుకుంటుంది. బియ్యం స్టార్చి మామూలుగా 65 నుంచి 80 డిగ్రీల మధ్య ఉడుకుతుంది. చుట్టూ ఇంత తీపి, ఇంత తక్కువ నీరు ఉన్నచోట అంత సులభంగా ఉడకదు. కొంత ఉడికి, కొంత పచ్చిగా ఉంటుంది. ఉడికినది పట్టుగా పనికొస్తుంది. గోధుమలో ఉండే గ్లూటెను బియ్యంలో లేదు కనక అరిసెను కలిపి పట్టుకునేది ఈ కాస్త జిగురూ, పాకమూ మాత్రమే. లేత పాకంతో కలిపిన పిండిముద్ద, అంటే చలిమిడి, నూనెలో విచ్చిపోయేది ఈ పట్టు చాలకే.

చలిమిడి చల్లారితే పాకం చిక్కదనం గబగబా పెరుగుతుంది. వేడిగా ఉన్నప్పుడు వేలి ఒత్తిడికి సాగిన ముద్ద, చల్లారాక మొండికేస్తుంది. పైన నెయ్యి పోసి మూతపెట్టేది వేడి నిలవడానికి, తడి పోకుండా ఉండడానికి. మర్నాడు వండుకునేవాళ్ళు కూడా లేకపోలేదు. వాళ్ళు ఆ ముద్దను మళ్ళీ మెదిపి దారికి తెచ్చుకుంటారు. కానీ వేడి మీద వత్తిన అరిసె మెత్తదనమే వేరు.

వత్తేటప్పుడు నువ్వులు అద్దుతారు. నువ్వు ఉత్తరాంధ్ర నేలకు బాగా అలవాటైన పంట. ఎలమంచిలి పరిశోధన స్థానం నుంచి వచ్చిన గౌరి, మాధవి, వరాహ, గౌతమ, శారద రకాలు రైతులకు తెలిసినవే. నువ్వులో సెసమిన్, సెసమోల్ లాంటి పదార్థాలున్నాయి. నూనె గాలిలోని ఆక్సిజనుతో కలిసి కంపుకొట్టడాన్ని అవి ఆలస్యం చేస్తాయి. నువ్వులనూనె ఇతర నూనెల కన్నా ఎక్కువకాలం నిలిచేది వీటివల్లనే.

అరిసె నూనెలో పడగానే బుడగలు లేస్తాయి. అది నూనె మరగడం కాదు, అరిసెలోని నీరు ఆవిరై బయటికి రావడం. గ్రాము నీరు ఆవిరైతే దాదాపు లీటరున్నర పైచిలుకు చోటు కావాలి. ఆ ఆవిరి తోపుకే అరిసె పొంగుతుంది. ఆవిరి లోపలినుంచి బయటికి తోస్తున్నంతసేపూ నూనె లోపలికి పోలేదు. కాగే నూనె 170 డిగ్రీల దగ్గర ఉన్నా అరిసె నడిమి భాగం 100 దాటి పెద్దగా పోదు, నీరు అక్కడ ఉన్నంతవరకూ. పైపొర మాత్రం ఎండి ఎర్రబడుతుంది. ఆ రంగుకు, ఆ వాసనకు కారణం బెల్లంలోని గ్లూకోజు, ఫ్రక్టోజు ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలతో కలవడం. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామిల్ మెయిలార్డ్ 1912లో వర్ణించిన చర్య అది.

మరి నూనె ఎప్పుడు పడుతుంది? పైకి తీశాక. చాలామంది నమ్మరు గాని, వేపుళ్ళ మీద జరిగిన చాలా పరిశోధనలు చెబుతున్నది ఇదే. నూనెలో ఉన్నప్పుడు లోపలికి చేరేది కొంతే. బయటికి తీయగానే ఆవిరి ఆగిపోతుంది. లోపలి రంధ్రాల్లో మిగిలిన ఆవిరి చల్లారి నీరవుతుంది, అక్కడ ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు అరిసె ఒంటికి అంటుకున్న నూనెను ఆ రంధ్రాలు పిచికారీ గొట్టంలా లోపలికి లాగేస్తాయి. ఇదంతా తీసిన తొలి నిమిషంలోనే మొదలైపోతుంది.

అరిసెల చెక్కల విలువ ఇక్కడ తెలుస్తుంది. నూనెలోంచి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి అదుముతారు. చెక్కలు లేని ఇంట్లో రెండు చిల్లుల గరిటెలు. అదిమేసరికి ఒంటినున్న నూనె లోపలికి పోకముందే కిందికి జారిపోతుంది. వేడి నూనె పలచన, తేలికగా కారుతుంది. అర నిమిషం ఆలస్యమైతే నూనె సగం లోపలికి చేరి ఉంటుంది, మిగిలింది చిక్కబడి ఉంటుంది. అప్పుడు ఎంత నొక్కినా అరిసె విరుగుతుంది గాని నూనె రాదు. మూకుడు దగ్గరున్న మనిషి ఈ పని చేయలేదు. ఆమె చూపు తర్వాతి అరిసె మీద ఉండాలి. అంచేత వత్తే మనిషి ఒకరు, వేసి తీసే మనిషి ఒకరు, అదిమే మనిషి ఒకరు. పొయ్యి ఎగదోస్తూ పిల్లల్ని నూనె దగ్గరికి రానివ్వకుండా చూసే మనిషి ఇంకొకరు. లెక్క నలుగురికి వచ్చింది. అరిసె తీరే ఆ నలుగురిని పిలిచింది. రుచి చూడ్డానికి చుట్టూ చేరే పిల్లల్ని ఈ లెక్కలో కలపలేదు.

జంతికల దగ్గర ఇంత హడావిడి లేదు. బియ్యప్పిండిలో శనగపిండో మినప్పిండో కలిపి, వాము వేసి, కాగిన నూనె ఒక గరిటెడు పోస్తారు. ఆ కొవ్వు పిండి రేణువుల మీద పూతలా పట్టి ఒకదానికొకటి అతుక్కోకుండా చేస్తుంది. గుల్లగా విరగడం దానివల్లే. నీరంతా పోయేదాకా, బుడగలు సద్దుమణిగేదాకా వేపుతారు. నీరు పోయిన స్టార్చి గాజులా పెళుసవుతుంది. కరకర అక్కడిది. గాలిలోంచి కాస్త తడి చేరితే చాలు, ఆ పెళుసుదనం పోయి సాగుతుంది.

దీంతో ఒక చిక్కుంది. అరిసెలనూ జంతికలనూ ఒకే డబ్బాలో పెట్టకూడదు. మూత ఎంత బిగించినా అరిసెలోని తడి జంతికలోకి నడిచిపోతుంది. జంతిక మెత్తబడుతుంది, అరిసె ఎండుతుంది. ఏ పదార్థంలోనైనా నీరు ఎంత ఉందన్నది ఒక సంగతి, అందులో ఎంత స్వేచ్ఛగా కదలగలదన్నది ఇంకో సంగతి. పాడవడం రెండోదాని మీద ఆధారపడుతుంది. సూక్ష్మజీవులకూ ఆహారంలోని ఈ నీటికీ ఉన్న లంకెను ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డబ్ల్యూ. జె. స్కాట్ 1957లో వివరంగా రాశాడు. ఉత్త నీటికి ఆ స్వేచ్ఛ విలువ 1 అనుకుంటే 0.9 కిందికి దిగేసరికి చాలా బ్యాక్టీరియా పెరగలేదు. 0.8 కింద మామూలు బూజులు కూడా నిలవలేవు. 0.6 కింద ఏ సూక్ష్మజీవీ పెరగదు. అరిసెలో నీరుంది, కానీ బెల్లం దాన్ని కట్టేసి ఉంచుతుంది. లేత పాకపు అరిసెకు వారం తిరక్కుండా బూజు పట్టేది, సరైన పాకపుది నెల నిలిచేది ఈ కట్టు బిగువును బట్టే. వలస వెళ్ళే మనుషులకు ఇది చిన్న విషయం కాదు. ముక్కనుమ దాటాక రైలెక్కే డబ్బాలో అమ్మ చేతి తీపి నెల రోజులు నిలుస్తుందంటే, ఆ రోజు కంచంలో చుక్క సరిగ్గా చుట్టుకుందన్న మాట.

రెండు మాటలు ఆరోగ్యం గురించి చెప్పకుండా ఉండలేను. బెల్లంలో ఇనుము, ఇతర ఖనిజాలు కొంత ఉన్న మాట నిజమే. కానీ మధుమేహం ఉన్నవాళ్ళకు బెల్లం పంచదార కంటే మంచిదనుకోవడం ప్రమాదం. రక్తంలో చక్కెరను అదీ అలాగే పెంచుతుంది. పెద్దవాళ్ళకు పండగ పూట అరముక్క పెట్టి తక్కినది దాచడమే ప్రేమ. రెండోది నూనె. భోగి ముందు అరిసెలు వేపిన నూనెలోనే జంతికలు, మళ్ళీ కనుమ గారెలు వేపడం చాలా ఇళ్ళలో ఉంది. కాగినకొద్దీ నూనె విరిగి, అందులో ధ్రువ పదార్థాలు (పోలార్ కాంపౌండ్స్) పేరుకుంటాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఆహార భద్రతా సంస్థ పెట్టిన నిబంధన 2018లో అమల్లోకి వచ్చింది. ఇంట్లో కొలిచే సాధనం ఉండదు. నురుగు తగ్గకపోతే, నల్లబడితే, జిగటగా కారితే పారబోయడమే.

ఈ మధ్య పిండివంటలు ఆర్డరిచ్చి తెప్పించుకోవడం పెరిగింది. అవి వండేదీ మన ఆడవాళ్ళే, వాళ్ళ సంపాదనను తక్కువ చేయను. కానీ ఇంట్లో ఒక్క పాకమైనా పట్టాలని గట్టిగా అనుకుంటాను. హైదరాబాదులో మూడో అంతస్తులో ఉన్నా ఇది కుదిరే పనే. కిలో బియ్యం చాలు. తడిపిండికి మిక్సీ చాలు, జల్లెడ పట్టాలి. కావాల్సింది ఇంకో ముగ్గురు. పక్క ఫ్లాటు వాళ్ళను పిలవండి, వాళ్ళది ఏ ఊరైనా సరే. పాకం దగ్గర ఒకరు, పిండి దగ్గర ఒకరు నిలబడితే ఆ రెండు నిమిషాల్లో పరిచయం దానంతటదే అవుతుంది.

డబ్బాలో పది పన్నెండు రోజులున్నాక అరిసె గట్టిబడితే నీరు పోయిందని కంగారుపడనక్కర్లేదు. ఉడికిన స్టార్చి రోజులు గడిచేకొద్దీ మళ్ళీ బిగుసుకుంటుంది. బెల్లం దాన్ని ఆలస్యం చేస్తుందే గాని ఆపలేదు. 60 డిగ్రీలు దాటేలా వేడి చేస్తే ఆ బిగువు చాలావరకు సడలుతుంది. అన్నం ఉడికిన గిన్నె మూత మీద కాసేపు పెట్టినా చాలు. మైక్రోవేవులో పెడితే పది సెకన్లకు మించొద్దు. నీరు ఎగిరిపోతే చల్లారగానే మునుపటి కంటే గట్టిపడుతుంది. వేడి చేసింది వేడిగానే తినేయాలి.